సున్న చుట్టిన రోజులు

ఫిబ్రవరి 9

ఉద్యోగం ఇంకా ఉంది.

ఫిబ్రవరి 10

ఉద్యోగం ఉంది. నిన్న ఆ ఒక్క ముక్క రాసేసరికే అలసిపోయి పుస్తకం మూసేశాను. డాక్టరమ్మ రోజూ ఏదో ఒకటి రాయమంది. ఎవరికీ చూపించనక్కర్లేదట, తనకి కూడా. నా చేతిరాత గురించి ఆవిడకి ఎవరో ముందే చెప్పి ఉంటారు.

రాయడానికి గొప్ప సంగతి ఒకటుంది. ఈ ఉద్యోగంలో చేరి నేటికి ఏడు నెలలు. ఇది నా ఎనిమిదో ఉద్యోగం. వెనకటి ఏడింటిలో రెండు నన్ను పొమ్మన్నాయి, ఐదింటికి నేనే వెళ్లడం మానేశాను. మానేయాలని మానేయలేదు. మంచం మీద పడుకుని, ఇప్పుడు లేస్తే వేళకి చేరతాను, ఇప్పుడు లేస్తే గంట ఆలస్యంగా చేరతాను, ఇప్పుడు లేస్తే మధ్యాహ్నానికైనా చేరతాను అనుకుంటూ వారం గడిపేవాణ్ణి. ఎనిమిదో రోజుకి ఇక అక్కడికి వెళ్లడానికి ముఖం చెల్లేది కాదు. అలాంటి నేను ఒకేచోట ఏడు నెలలు! అక్క ఈ మాట పైకి అనదు. అంటే ఉద్యోగం వింటుందేమోనని భయం.

మాది లాండ్రీ. ఆసుపత్రి కోట్లు, హోటలు చొక్కాలు. నాది ఇస్త్రీ పని. బాయిలర్ నుంచి గొట్టంలో ఆవిరి వస్తుంది, పెట్టె ఎప్పుడూ బుస్సుమంటూ ఉంటుంది. ముందు కాలర్, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, ఆఖరున వీపు. చేసిన ప్రతి గుడ్డకీ కాలర్ లోపల ఒక రంగు చీటీ గుచ్చుతాం. నాది నీలం. పక్క బల్ల మడతల మాస్టారిది ఎరుపు. గుడ్డ కాలినా, గీత పడినా చీటీ చూసి మనిషిని పట్టుకుంటారు. ఏడు నెలల్లో నా నీలం చీటీ మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. కాలింది ఒక్కసారే, అదీ గుడ్డ కాదు, నా ఎడమ ముంజేయి. చిన్న చురక. ఆ రోజు కాస్త పరధ్యానంగా ఉన్నాను.

ఫిబ్రవరి 13

ఒక సంగతి కనిపెట్టాను. మా యజమానురాలిని అందరం వెనక రిజిస్టరమ్మ అంటాం, ముందు మేడమ్ అంటాం. హాజరు పుస్తకం ఆవిడే రాస్తుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఇవాళ టీ గ్లాసు ఇవ్వడానికి వెళ్లి తొంగిచూశాను. అందరికీ టిక్కులు. నా పేరు ఎదుట మాత్రం అక్కడక్కడ టిక్కు బదులు చిన్న సున్న. ఇంకెవరికీ లేదు.

మంచి పనివాళ్ల గుర్తు అయి ఉంటుంది. పైకి చెబితే మిగతావాళ్లు ఏడుస్తారని చెప్పదు.

ఫిబ్రవరి 17

చుట్టం వచ్చాడు.

డాక్టరమ్మ నా నలతకి పెద్ద పేరు పెట్టింది, కాగితాల మీద అదే రాస్తుంది. నేను చుట్టం అంటాను. చెప్పకుండా వస్తాడు, ఉన్న ఒక్క మంచం ఆక్రమిస్తాడు, ఎప్పుడు వెళ్తాడో అడగడానికి మొహమాటం. వాడు ఉన్నన్నాళ్లూ నాకు ఆకలీ ఉండదు, నిద్రా ఉండదు. అన్నీ వాడికే.

అయినా పనికి వెళ్లాను. అదీ నేను! పెట్టె ఇవాళ భలే తేలిగ్గా కదిలింది. ఆవిరి చప్పుడు కూడా వినిపించలేదు, చెమట పట్టలేదు. పనిలో లీనమైపోతే అంతేనేమో.

ఫిబ్రవరి 18

ఉద్యోగం ఉంది.

ఫిబ్రవరి 19

చుట్టమూ ఉన్నాడు, ఉద్యోగమూ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నారు.

ఫిబ్రవరి 24

వెళ్లాడు. పొద్దున్నే టీ రుచి తెలిసింది, దాంతో అర్థమైంది.

ఈ వారమంతా నా బల్ల మీద పని పేరుకుపోయి ఉంటుందనుకుంటూ వెళ్లాను. ఏమీ లేదు! అట్టపెట్టెల్లో సర్దిన కోట్లన్నిటికీ నీలం చీటీలే. ఒళ్లు తెలియకపోయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయన్నమాట. ఒక తేడా మాత్రం కనిపించింది. నేను మడిచే ముందు కోటుకి మొదటి బొత్తాం పెడతాను. వీటికి రెండోది పెట్టి ఉంది. పద్ధతి మార్చినట్టున్నాను. మెరుగ్గానే ఉంది.

పాపం మడతల మాస్టారు మాత్రం బాగా వెనకబడిపోయారు. ఆయన బల్ల మీద కోట్లు కొండలా ఉన్నాయి. వయసు మీద పడింది, మోకాళ్లు వాచాయి. "కొంచెం చెయ్యి ఆడించాలి మాస్టారూ, ఇలా అయితే మేడమ్ దగ్గర మాట పడతారు" అన్నాను. ఆయన నవ్వి, "అవును నాయనా, ఆడించాలి" అన్నారు. పెద్దవాళ్లకి మంచి మాట చెప్పినా నొచ్చుకోకుండా చెప్పాలి. నేను అలాగే చెప్పాను.

మార్చి 2

రిజిస్టరమ్మ గదిలోకి పిలిచింది. కూర్చోమంది. నన్ను కూర్చోమన్న ప్రతి గదిలోనూ నా ఉద్యోగం పోయింది కాబట్టి నిలబడే ఉన్నాను.

"జూలై ఒకటి నుంచి పెద్దాసుపత్రి కోట్లు మొత్తం మనకే వస్తున్నాయి. రెట్టింపు పని. నీ బల్ల మీద రోజంతా ఆగకుండా చేసే మనిషి కావాలి" అంది.

"నేను చేస్తున్నాగా మేడమ్."

ఆవిడ కాసేపు పెన్ను మూత తిప్పింది. "సగం రోజు పనికి నిన్ను ఉంచుకుంటాను. మిగతా సగానికి ఇంకో మనిషిని పెట్టుకుంటాను. కానీ సగం జీతంతో నువ్వెలా బతుకుతావు? సర్కారు భత్యం ఉందిట కదా, నలభై శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే ఇస్తారట. అది తెచ్చుకో. జూన్ ఆఖరులోగా."

"నాకు ఏమీ లేదు మేడమ్, అప్పుడప్పుడు కాస్త నలత."

"తెచ్చుకో నాయనా. తేకపోతే నాకు వేరే దారి లేదు. నాకు చెప్పాలని లేదు, కానీ చెబుతున్నాను."

సున్నలు వచ్చిన మంచి పనివాడికి ఈ మాటలా? నలత సంగతి ఆవిడకి ఎవరు మోశారో!

మార్చి 5

ఫారం తెచ్చుకున్నాను. పన్నెండు పేజీలు. ఎనిమిది ఉద్యోగాలకి ఫారాలు నింపిన చెయ్యి నాది, గంటలో నింపేశాను. అక్క పొద్దున రక్తం నమూనాలు తీసే ల్యాబులో పనిచేస్తుంది, వచ్చాక చదివింది. చదివి తల పట్టుకుంది.

"స్నానం స్వయంగా చేయగలరా అంటే 'అవును, చక్కగా' అని రాశావేంట్రా?"

"చేయగలనుగా."

"ఫిబ్రవరిలో ఎన్నాళ్లు చేయలేదు?"

"చేయలేదా అని అడగలేదు, చేయగలరా అని అడిగారు."

"'ఒత్తిడిలో పనిచేయగలరా' అంటే 'ఒత్తిడి నాకు ఇష్టం' అని రాశావు! ఇది ఉద్యోగం దరఖాస్తు కాదురా, నీకు ఉద్యోగం ఎందుకు కష్టమో చెప్పే దరఖాస్తు!"

అలవాటు పడ్డ చెయ్యి, నేనేం చేయను. ఏ కాగితం ముందు పెట్టినా నా గురించి గొప్పలు రాసేస్తుంది. 'ఇంకా ఏమైనా చెప్పదలచుకున్నారా' అన్నచోట 'ఒక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను' అని రాశాను. అక్క అది చదివి నవ్వింది. నవ్వు ఆపి ఏడ్చింది. కొత్త ఫారం తెప్పించి తనే నింపింది. ఉన్నది ఉన్నట్టు రాసింది. నేను చదవలేదు, సంతకం పెట్టాను.

మార్చి 18

రేపే బోర్డు. ముగ్గురు కూర్చుని నేను ఎంత శాతమో తేలుస్తారు. పని అయ్యాక లాండ్రీలోనే నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. అలాంటి ఇస్త్రీ నేను జన్మలో చేయలేదు. కాలర్ మీద నీళ్ల చుక్క వేస్తే జారిపోతుంది. అలవాటు కొద్దీ నీలం చీటీ కూడా గుచ్చబోయాను.

మార్చి 19

బ్రహ్మాండంగా జరిగింది.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. ఒకాయనకి కళ్లజోడు, ఒకావిడ పెన్ను వదలదు, మూడో ఆయన దగ్గుతూనే ఉన్నారు. పేర్లు చెప్పలేదు కాబట్టి నేనే పెట్టుకున్నాను, కళ్లజోడు, పెన్ను, దగ్గు.

"ఎలా ఉంటుంది మీకు?" అంది పెన్ను. చుట్టం సంగతి చెప్పాను. చెప్పకుండా రావడం, మంచం ఆక్రమించడం. దగ్గుగారికి నవ్వొచ్చి దగ్గు ఎక్కువై మంచినీళ్లు తెప్పించాల్సి వచ్చింది. "ఉద్యోగాలు ఎందుకు నిలబడలేదు?" అంటే "అవి నిలబడ్డాయండి, నేనే పడుకున్నాను" అన్నాను. కళ్లజోడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మధ్యలో ఒకసారి అక్కడే ఏడుపొచ్చేలా ఉంది. వెంటనే ఇంకో జోకు వేసి గట్టెక్కాను.

లేచేటప్పుడు పెన్ను, "చొక్కా చాలా బాగుంది" అంది. "నేనే చేశానండి" అన్నాను గర్వంగా.

ఏప్రిల్ 6

ముప్పై శాతం. ఫెయిల్.

బడిలో కూడా నాకు ముప్పై అయిదుకి తగ్గలేదు. కింద కారణాలు రాశారు: 'దుస్తులు శుభ్రంగా, ఇస్త్రీతో ఉన్నాయి. ప్రశ్నలకి చురుగ్గా, చమత్కారంగా జవాబులిచ్చారు. చేతివృత్తిలో నైపుణ్యం ఉంది.' ఇంత మంచి మాటలు నా గురించి ఎవరూ రాసివ్వలేదు. ఉద్యోగాలకి తిరిగే రోజుల్లో ఈ కాగితం చేతిలో ఉంటే ఎంత బాగుండేది!

అక్క కాగితం రెండుసార్లు చదివింది. "నిన్ను నవ్వించమని ఎవరడిగార్రా?" అంది.

"అడక్కుండానే నవ్వారు."

"ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి నేను చూస్తాను. వాళ్లకి మాత్రం ఈ మనిషిని చూపిస్తావు. నాకెందుకు చూపించవు ఈ మనిషిని, రోజూ?"

జోకు దొరకలేదు. బావ లేచి వెళ్లి, పొంగిపోతున్న పాలు దించాడు.

మళ్లీ అడగొచ్చట, అప్పీలు అంటారు. నాకు తెలిసిన పేరు సప్లిమెంటరీ.

ఏప్రిల్ 8

అప్పీలు పంపాం. చుట్టం వీధి చివర కనబడ్డట్టు ఉంది.

ఏప్రిల్ 9

ఉద్యోగం ఉంది.

ఏప్రిల్ 30

ఇరవై రోజులు రాయలేదు. నేను రాయకపోయినా రోజులు వెళ్తూనే ఉన్నాయి, వాటికి నా అవసరం లేదు.

పనికి మాత్రం ఒక్కరోజు మానలేదు. అది మాత్రం రాసుకోవాలి. అక్క పొద్దున బస్సు ఎక్కించేది, అక్కడ నిలబడేవాణ్ణి, సాయంత్రం బస్సు దిగేవాణ్ణి. మధ్యలో ఏం జరిగిందో సరిగా గుర్తులేదు కానీ పని జరిగింది, నీలం చీటీలే సాక్ష్యం. రెండో బొత్తాం పద్ధతి పూర్తిగా అలవాటైపోయింది.

మాస్టారి మోకాళ్లు ఇంకా వాచాయి. పని అయ్యాక కూడా కూర్చుని ఏదో చేస్తూనే ఉంటారు. ఇంటికి వెళ్లబుద్ధి కాదేమో. ఒంటరి మనిషి.

మే 12

అప్పీలు బోర్డు జూన్ మూడున. ఇంట్లో రిహార్సల్స్.

బావ బస్సు డిపోలో మెకానిక్. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు. ఆయన అనుభవం ఏమిటంటే, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు పాడైన బస్సు చక్కగా స్టార్టవుతుందట. "నువ్వూ అంతేనోయ్. చూసేవాళ్లుంటే స్టార్టవుతావు" అన్నాడు. అది పది మాటల్లో నాలుగు.

అక్క నా తెల్ల చొక్కా తీసి ఉండలా చుట్టి బావకిచ్చింది. బావ దాని మీద అరగంట కూర్చున్నాడు. విప్పి చూస్తే ముడతలు ఎక్కడా కుదురుగా లేవు. నాకు ఊపిరాడలేదు. "కనీసం కాలర్ ఒక్కటి" అన్నాను. "పెట్టె ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను" అంది అక్క.

తర్వాత ప్రశ్నలు. బావ కళ్లజోడు, అక్క పెన్ను. నేను నవ్వించకుండా జవాబులు చెప్పాలి. రెండో ప్రశ్నకే బావ నవ్వాడు. ఆయన నవ్వడం పెళ్లిలో కూడా ఎవరూ చూడలేదట.

మే 20

అప్పీలుకి యజమాని మాట కావాలిట, కాగితం మీద గానీ స్వయంగా గానీ. ఇదీ నా చిక్కు. బాగా చేస్తాడని రిజిస్టరమ్మ చెబితే సర్టిఫికెట్ రాదు. సరిగా చేయడని చెబితే, చేయని మనిషిని ఆవిడ ఎందుకు ఉంచుకుంటుంది? ఎటు చెప్పినా జూలై ఒకటికి నేను మంచం మీద ఉంటాను. తొమ్మిదో ఉద్యోగం వెతికే ఓపిక నాకు లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు ఈ బల్ల, ఈ ఆవిరి, పక్కన మాస్టారి కూనిరాగం కావాలి. ఇవి పోతే నేనేమవుతానో తలుచుకుంటే భయంగా ఉంది.

మే 21

అడగలేదు.

మే 22

అడగలేదు.

మే 25

అడిగాను. రిజిస్టరమ్మ తల ఎత్తకుండా, "ఉత్తరం ఎందుకు, నేనే వస్తాను" అంది.

జూన్ 3

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరికీ చూపించనక్కర్లేదు కదా.

నలిగిన చొక్కా వేసుకున్నాను. బస్సులో ఎవరూ చూడకుండా చేతుల్తో సాపు చేస్తుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది. బస్సు దిగేదాకా వదల్లేదు.

అదే బల్ల, అదే ముగ్గురు. అక్క నా పక్కన, రిజిస్టరమ్మ వెనక కుర్చీలో సంచీ ఒళ్లో పెట్టుకుని. పెన్ను అడిగింది, "ఎలా ఉంటున్నారు?" నేను నోరు తెరిచాను. జోకు సిద్ధంగా ఉంది, ఈసారి ఇంకా మంచిది. అక్క వైపు చూసి మింగేశాను. దాంతో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. గుడ్లప్పగించి కూర్చున్నాను.

"పని ఎలా చేస్తాడండీ?" కళ్లజోడు రిజిస్టరమ్మని అడిగాడు.

ఆవిడ సంచీలోంచి హాజరు పుస్తకం తీసింది. తను తప్ప ఇంకెవరూ ముట్టుకోని పుస్తకం వాళ్ల ముందు పెట్టి తెరిచింది. "టిక్కు పెట్టిన రోజు ఇతనంత బాగా చేసేవాళ్లు నా దగ్గర లేరండి" అంది. నేను నిటారుగా కూర్చున్నాను. చివరికి నా సున్నల సంగతి బయటికి వస్తోంది.

"మరి ఈ సున్నలేంటి?"

"ఆ రోజుల్లో వచ్చాడండి. బల్ల దగ్గర నిలబడ్డాడు. అంతే."

"అంతే అంటే?"

"పెట్టె పట్టుకుని నిలబడతాడు. ఒకే కోటు మీద అటూ ఇటూ తిప్పుతుంటాడు, పొద్దున్నించి సాయంత్రం దాకా. అక్టోబర్‌లో ఇలాగే పెట్టె చేతిమీద పెట్టుకుని ఉండిపోయాడు. అరవలేదు. వాసన వస్తే పక్క బల్ల ఆయన చూశాడు. అప్పట్నుంచి ఇతని మొహం చూసి, అలాంటి రోజయితే బల్ల కింద ఆవిరి వాల్వు కట్టేస్తాను. పెట్టె చల్లగా ఉంటుంది. చల్లగా ఉందని ఇతనికి తెలీదండి."

దగ్గుగారు దగ్గడం మానేశారు.

"మరి పని?" అంది పెన్ను.

"పక్క బల్ల ఆయన చేస్తాడు. తన పని అయ్యాక ఇతనిది. ఇతని చీటీలే గుచ్చుతాడు. వద్దన్నా వినడు. ఆయనకి మోకాళ్లు పోయాయండి, ఇక రెండు బల్లలు చేయలేడు. అందుకే ఇక్కడిదాకా వచ్చాం."

"ఆ రోజులకి జీతం?"

"ఇచ్చానండి. వచ్చాడు కదా."

"ఇతనికి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తాడండి. ఐదు ఉద్యోగాలు అలాగే మానేశాడు. వాళ్లక్క చెప్పింది."

పెన్ను సున్నలు లెక్కపెట్టింది. పేజీలు తిప్పుతూ, వేలితో ఒక్కొక్కటీ. అరవై ఎనిమిది. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. అరవై ఎనిమిది రోజులు నేను చల్లటి పెట్టెతో ఇస్త్రీ చేశాను. లాండ్రీ అంతటికీ తెలుసు. నాకొక్కడికే తెలీదు.

ఏడుపొచ్చింది. ఈసారి గట్టెక్కడానికి ఏ జోకూ దొరకలేదు. ముక్కు తుడుచుకోవడానికి ఆ చొక్కాయే వాడాను, ఎలాగూ నలిగిందే.

జూన్ 4

వెళ్లలేదు. చుట్టం లేడు. సిగ్గుతో వెళ్లలేదు. రెండూ వేరని ఇవాళ తెలిసింది. సిగ్గయితే ఆకలేస్తుంది.

ఫిబ్రవరి ఇరవై నాలుగు పేజీ తిరగేశాను. 'కొంచెం చెయ్యి ఆడించాలి మాస్టారూ.' ఆ మాట నేనే అన్నాను, నేనే రాసుకున్నాను, పైగా మెచ్చుకున్నాను కూడా. ఈ పుస్తకం తగలబెడదామనుకున్నాను. డాక్టరమ్మకి ఎలాగూ చూపించనక్కర్లేదు కాబట్టి తగలబెట్టినా నష్టం లేదు. అగ్గిపెట్టె వంటింట్లో ఉంది, వంటింట్లో అక్క ఉంది. కుదరలేదు.

అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "మానేస్తావా?" అంది.

"నీకు ముందే తెలుసా?"

"అక్టోబర్ నుంచి."

కోపం వచ్చింది. అందరి మీదా. నన్ను మోసిన ప్రతివాళ్ల మీదా. చెయ్యి కాలినప్పుడు అరవని నేను ఇవాళ అరిచాను. అక్క విని, "అయిందా? అన్నం తిను" అంది.

జూన్ 5

మళ్లీ లెక్కలు. ఇప్పుడు లేస్తే వేళకి చేరతాను. ఇప్పుడు లేస్తే గంట ఆలస్యంగా చేరతాను.

గంటన్నర ఆలస్యంగా చేరాను.

ఎవరూ తల ఎత్తలేదు. అంత శ్రద్ధగా ఎవరూ తల ఎత్తకపోవడం మా లాండ్రీలో ఎప్పుడూ జరగలేదు. మడతల మాస్టారు స్టూలు మీద కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటున్నారు. ఎదురుగా నిలబడ్డాను. దారంతా వేరే మాటలు కూడబలుక్కున్నాను.

"రెండో బొత్తాం మీదేనా?" అన్నాను.

ఆయన మొహం తప్పు చేసి పట్టుబడ్డట్టు అయిపోయింది. "నీలాగే మొదటిది పెడదామనుకునేవాణ్ణి నాయనా. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి మాట వినదు."

"నేను మీకు నీతులు చెప్పాను."

"చెప్పావు. మా ఆవిడ పోయాక నన్ను తిట్టినవాళ్లు లేరు. బాగానే ఉంది" అని గుడ్డ ముడి వేసుకున్నారు. "నా సంగతీ విను. ఆవిడ పోయిన ఏడాది నేను ఇలాగే నిలబడ్డాను. ఈ బల్ల దగ్గరే. అప్పుడు నీ బల్ల మీద ఇంకో ఆయన ఉండేవాడు. నా చీటీలు ఆయన గుచ్చాడు. నేను ఎప్పటికీ కనిపెట్టలేకపోయాను, ఆయనే మానేసే రోజు చెప్పి వెళ్లాడు. నువ్వు నయం, బొత్తాం దాకా వచ్చావు."

నా బల్ల దగ్గరికి వెళ్లి పెట్టె పట్టుకున్నాను. వేలితో తాకి చూశాను. వేడిగా ఉంది, చుర్రుమంది. ఇరవై ఆరు కోట్లు చేశాను. ఇవి మాత్రం నేనే చేశాను, ఒక్కొక్కటీ గుర్తుంది.

జూన్ 16

యాభై అయిదు శాతం! ఫస్టు క్లాసుకి అయిదు మార్కులు తక్కువ.

బావ చదివి, "డిస్టింక్షన్ వస్తుందనుకున్నాను" అన్నాడు. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచింది. మడతలు వంకర. నేను సరిచేయలేదు.

సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. సగం కన్నా కొంచెం ఎక్కువ పనికిరానని ముగ్గురు చదువుకున్నవాళ్లు ముద్ర వేసి ఇచ్చారు. మిగతా నలభై అయిదు సంగతి ఎవరూ రాయలేదు. అది నేను చూసుకోవాలనుకుంటా.

జూలై 1

సగం రోజు మొదలు. పన్నెండింటికి నా పని అయిపోతుంది, అప్పుడు కొత్తావిడ వస్తుంది. ఆవిడ చీటీ పచ్చ. మొదటి రోజే నా బల్ల ఎత్తు సరిపోలేదని పేచీ పెట్టింది. నచ్చింది నాకు.

జూలై 3

ఉద్యోగం ఉంది. సగం.

జూలై 9

చుట్టం వచ్చాడు. కొత్త ఏర్పాటు సంగతి వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు, పూర్తి సామానుతోనే దిగాడు.

అక్క బస్సు ఎక్కించింది. బస్సులో కిటికీ మూయడానికి చెయ్యి లేవక వాన నీళ్లలో తడిసి దిగాను. లోపలికి వెళ్లేసరికి హాజరు పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. రిజిస్టరమ్మ పెన్ను పట్టుకుని నా మొహం చూస్తోంది. ఆ చూపు ఎందుకో ఇప్పుడు నాకు తెలుసు.

చెయ్యి చాచాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి పెన్ను ఇచ్చింది. నా పేరు ఎదుట నేనే సున్న చుట్టాను. అది కోడిగుడ్డులా వచ్చింది.

"ఇంటికి వెళ్తావా?" అంది.

"ఇక్కడే కూర్చుంటాను మేడమ్."

బల్ల కింద వంగి వాల్వు నేనే కట్టేశాను. బుస్సుమనడం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఇదివరకు ఎన్నోసార్లు విన్నాను, వింటున్నానని తెలియలేదు. మాస్టారు నా కోట్ల కట్టలో సగం తన బల్ల మీదకి లాక్కున్నారు. మిగతా సగం కొత్తావిడకి ఉంచారు. తర్వాత అలవాటుగా నా నీలం చీటీల డబ్బా కోసం చెయ్యి చాచారు. డబ్బా తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఎర్రవి పెట్టండి మాస్టారూ."

ఆయన తన ఎర్ర చీటీల డబ్బా మూత తీశారు.

పన్నెండింటి దాకా ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఇస్త్రీ అయిన కోటు ఆయన అందిస్తుంటే బొత్తాం మాత్రం నేను పెట్టాను, మొదటిది. ఒక్కో కోటుకి చాలాసేపు పట్టింది. మధ్యలో కొన్ని ఆయనే పెట్టుకున్నారు, అవి రెండోవి. కోట్లన్నీ ఎర్ర చీటీలతోనే వెళ్లాయి.

ఉద్యోగం ఉంది.